అమెరికా అధ్యక్ష అభ్యర్థుల గొప్పలు, వారి చుట్టూ అల్లిన కట్టుకథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడితే మన వాట్సాప్ గుంపులు కూడా వేడెక్కుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనల్లుడు ఒక వీడియో పంపుతాడు. గుంటూరులో ఉన్న పెదనాన్న దాన్ని మరో పదిమందికి పంపుతారు. ఆ తర్వాత వచ్చే సందేహాలు నాలుగేళ్ల క్రితం వచ్చినవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మాట పుట్టిన దగ్గర నుంచి అది మన ఫోనుకు చేరేదాకా దశలవారీగా ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే చదవడం మొదలుపెట్టవచ్చు.

## మాట పుట్టే దశ

అభ్యర్థులు గొప్పలు ఎందుకు చెప్పుకుంటారు? ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోదా?

మన దగ్గర ఓటరు చాలావరకు పార్టీ గుర్తు చూసి ఓటేస్తాడు. అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ చేసేవారు ముందు సొంత పార్టీలోనే ఏడెనిమిది మందితో తలపడి గెలవాలి. వాళ్లందరి విధానాలూ ఇంచుమించు ఒకటే కాబట్టి తేడా చూపించేది జీవితకథ ఒక్కటే. ఎక్కడ పుట్టారు, ఏ కష్టం పడ్డారు, ఏ ఆపదను ఎదుర్కొన్నారు అన్నవే సరుకు. అదే కథను ఏడాదిన్నర పాటు రోజుకు నాలుగు సభల్లో చెప్పాలి. చప్పట్లు పడిన చోట కాస్త పెంచుతారు, పడని చోట తగ్గిస్తారు. కొన్నాళ్లకు జరిగినదేదో, చెప్పుకుంటూ వచ్చినదేదో చెప్పేవారికే తేడా తెలియకుండా పోతుంది. కావాలని ఆడే అబద్ధాలు లేవని నేను అనడం లేదు. కానీ దొరికిపోయిన వాటిలో చాలా భాగం ఇలా అరిగి, సాగి తయారైనవే.

పేదింట్లో పుట్టానని చెప్పుకోవడం ఈ మధ్య మొదలైందా?

కాదు, 1840 నాటికే ఉంది. ఆ ఏడాది, అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ అభ్యర్థి విలియం హెన్రీ హ్యారిసన్. వర్జీనియాలో పెద్ద ఎస్టేటు ఉన్న కుటుంబంలో పుట్టారు. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకరు. ఒక ప్రత్యర్థి పత్రిక ఆయనను ఎగతాళి చేస్తూ, ఈ ముసలాయనకు పీపాడు ఆపిల్ సారా, కాస్త పింఛను ఇస్తే కర్రదుంగల గుడిసెలో హాయిగా కూర్చుంటాడని రాసింది. విగ్ పార్టీవారు ఆ ఎగతాళినే జెండాగా ఎత్తుకున్నారు. ఊరేగింపుల్లో బండ్ల మీద గుడిసెలు కట్టి తిప్పారు, ఆపిల్ సారా పంచారు. దాంతో ఎస్టేటులో పుట్టిన వ్యక్తి గుడిసెవాసి అయిపోయారు.

మరోవైపు అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ నిజంగానే న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో పూటకూళ్ల సత్రం నడిపినవారి కొడుకు. ఆయన బంగారు చెంచాలతో తింటున్నారని అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో చార్లెస్ ఓగల్ అనే సభ్యుడు సుదీర్ఘ ప్రసంగం చేశాడు. దేశం అప్పటికే ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉంది కాబట్టి జనం నమ్మారు. హ్యారిసన్‌కు 234 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు), వాన్ బ్యూరెన్‌కు 60 వచ్చాయి. పదవి చేపట్టిన నెల రోజులకే హ్యారిసన్ చనిపోయారు. ఆయన నేర్పిన ప్రచార పద్ధతి మాత్రం చావలేదు.

వాషింగ్టన్, చెర్రీ చెట్టు కథ నిజమేనా?

కల్పితం. ‘నాన్నా, నేను అబద్ధం చెప్పలేను’ అంటూ చెట్టు మీద గొడ్డలి వేసింది తానేనని చిన్నారి వాషింగ్టన్ ఒప్పుకున్నట్టు చెప్పే ఆ కథను మేసన్ వీమ్స్ అనే మతబోధకుడు 1806లో ఒక జీవితచరిత్ర కూర్పులో చేర్చాడు. అప్పటికి వాషింగ్టన్ పోయి ఆరేళ్లు దాటింది. దానికి ఆధారమేదీ దొరకలేదు. అధ్యక్షుడంటే అబద్ధమాడనివాడు అన్న ఆదర్శం ఆ దేశపు పిల్లల మనసుల్లో పడింది ఈ కల్పన ద్వారానే.

## మాట వంకర తిరిగే దశ

ఇంటర్నెట్‌ను నేనే కనిపెట్టానని అల్ గోర్ నిజంగా అన్నారా?

అనలేదు. గోర్ అప్పటి ఉపాధ్యక్షుడు, 2000 ఎన్నికల్లో డెమోక్రటిక్ అభ్యర్థి. 1999 మార్చి 9న సీఎన్ఎన్‌లో విలేఖరి వుల్ఫ్ బ్లిట్జర్ అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, తాను కాంగ్రెస్‌లో ఉన్న కాలంలో ఇంటర్నెట్‌ను సృష్టించడంలో చొరవ తీసుకున్నానని అన్నారు. ‘కనిపెట్టాను’ అన్న మాట ఆయన నోట రాలేదు. రెండు మూడు రోజుల్లో ప్రత్యర్థి నాయకులు, వ్యాఖ్యాతలు దాన్ని ‘కనిపెట్టాడట’గా మార్చేశారు. ఆ తర్వాత అదే స్థిరపడింది.

తెలుగువారికి ఈ తేడా చెప్పడం తేలిక. ‘అశోకుడు చెట్లు నాటించెను’ అని మనం బడిలో చదువుకున్నాం. నాటెను అనలేదు, నాటించెను అన్నారు. అశోకుడు పార పట్టుకుని గుంతలు తవ్వాడని ఏ పిల్లవాడూ అనుకోలేదు. గోర్ చెప్పింది ‘నాటించాను’ అని, దేశం విన్నది ‘నాటాను’ అని.

నాటించిన మాటలో పస ఉందా అంటే, ఉంది. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1969లో మొదలైనప్పుడు గోర్ వయసు 21, దానితో ఆయనకు సంబంధం లేదు. కానీ పరిశోధనశాలలకే పరిమితమైన ఆ వ్యవస్థను దేశమంతా పరచాలని కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి పట్టుబట్టినవారు ఆయనే. ఆయన తెచ్చిన హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ చట్టం మీద 1991 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ సంతకం చేశారు. ఆ నిధులతోనే ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజరు తయారైంది. ఇంటర్నెట్‌కు పునాది వేసిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఇద్దరూ 2000లో గోర్‌ను సమర్థిస్తూ బహిరంగంగా రాశారు.

అయినా తప్పులో కొంత వాటా గోర్‌దే. చట్టం తెచ్చాను, నిధులు ఇప్పించాను అని చెప్పి ఉంటే సరిపోయేది. ‘సృష్టించడంలో’ అన్న పెద్ద మాట వాడి ప్రత్యర్థికి తాళంచెవి అందించారు.

గోర్ అన్న ఒక్క ముక్కను పత్రికలు మార్చి వేశాయంటారు, ఏమిటా కథ?

1999 నవంబరు 30న న్యూహాంప్‌షైర్‌లోని కాంకార్డ్ హైస్కూలు పిల్లలతో గోర్ మాట్లాడారు. విషపు వ్యర్థాలు పూడ్చిన స్థలాల గురించి చెబుతూ, టెనెసీలోని టూన్ అనే చిన్న ఊరి నుంచి తనకు వచ్చిన ఉత్తరాన్ని గుర్తుచేసుకున్నారు. అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయేమోనని వెతికితే న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ కనిపించిందనీ, విచారణ జరిపించాననీ చెప్పారు. చివర టూన్ గురించి ‘అన్నిటికీ మొదలు అదే’ అన్నారు. మర్నాడు రెండు పెద్ద పత్రికల్లో అది ‘అన్నిటికీ మొదలు నేనే’ అని వచ్చింది. టీవీ చర్చల్లో రోజుల తరబడి నవ్వుకున్నారు.

తప్పు పట్టుకున్నది ఆ బడి పిల్లలే. వాళ్ల దగ్గర టేపు ఉంది. పెద్దమనిషి అన్నదొకటి, అచ్చయిందొకటి అని వాళ్లే గోల పెట్టారు. పత్రికలు ఆ తర్వాత సవరణ వేశాయి. ఈ ఉదంతంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాళ్లు ఆ పిల్లలు.

రష్యా మా ఇంట్లోంచి కనిపిస్తుందని సారా పేలిన్ అన్నారు కదా?

ఆ మాట అన్నది పేలిన్ వేషం వేసిన హాస్యనటి టీనా ఫే, 2008 సెప్టెంబరు 13న. ఉపాధ్యక్ష అభ్యర్థిగా పేలిన్ అంతకు రెండు రోజుల ముందు చెప్పింది వేరు. అలాస్కాలోని ఒక దీవి నుంచి రష్యా నేల కనిపిస్తుందన్నారు. అది భౌగోళికంగా నిజం. అయితే విదేశాంగ అనుభవం గురించి అడిగితే ఆ జవాబు చెప్పడం బలహీనమే, ఆ విమర్శ న్యాయమైనదే.

పెద్ద బుష్‌కు కిరాణా కొట్టులో స్కానర్ అంటే ఏమిటో కూడా తెలియదట, నిజమా?

1992 ఫిబ్రవరిలో ఓర్లాండోలో కిరాణా వ్యాపారుల సమావేశం జరిగింది. అక్కడ ఆయనకు చూపించినది చిరిగిన, నలిగిన బార్‌కోడ్‌ను కూడా చదవగల కొత్త యంత్రం. దాన్ని చూసి మెచ్చుకున్నారు. అక్కడ లేని ఒక విలేఖరి, ఇతరుల తరఫున హాజరైన మరొకరు పంపిన చిన్న నివేదిక ఆధారంగా, అధ్యక్షుడు మామూలు స్కానర్‌ను చూసే ఆశ్చర్యపోయారన్న అర్థం వచ్చేలా మొదటి పేజీలో రాశాడు. అప్పటికే ఉద్యోగాలు పోయి, ఇల్లు గడవక అవస్థపడుతున్న జనానికి ఆ బొమ్మ సరిగ్గా సరిపోయింది. వివరణలు వచ్చాయి, కానీ ఎవరికీ పట్టలేదు. ఆ నవంబరులో ఆయన ఓడిపోయారు. ఓటమికి స్కానర్ కారణం కాదు. ఆర్థిక స్థితి మీద ఉన్న కోపానికి అది ముఖచిత్రమైంది.

## నిజం తేలే దశ

హిల్లరీ క్లింటన్ బోస్నియాలో తూటాల మధ్య దిగారన్నది అబద్ధమేనా?

అబద్ధమే. 1996 మార్చిలో టుజ్లాలో విమానం దిగగానే దాక్కున్న షూటర్ల కాల్పుల మధ్య తలలు వంచుకుని వాహనాల వైపు పరుగెత్తామని 2008లో పార్టీ అభ్యర్థిత్వం కోసం ఒబామాతో పోటీపడుతూ మార్చి 17న ఆమె చెప్పారు. సీబీఎస్ టీవీ తన పాత వీడియో బయటకు తీసింది. అందులో ఆమె కూతురితో కలిసి నింపాదిగా నడుస్తున్నారు, ఎనిమిదేళ్ల పాప కవిత చదివి స్వాగతం చెబుతోంది. వారం తర్వాత పొరపాటు జరిగిందని ఒప్పుకున్నారు. అప్పుడు ఆమె ఒబామా మీద చేస్తున్న వాదన మొత్తం ‘నాకు అనుభవం ఉంది, ఆయనకు లేదు’ అన్నదే. సరిగ్గా ఆ అనుభవానికి సాక్ష్యంగా తెచ్చిన కథే కూలిపోవడంతో దెబ్బ గట్టిగా తగిలింది.

బైడెన్ ఒకసారి ప్రసంగం దొంగిలించి దొరికిపోయారట కదా? మరి అధ్యక్షుడు ఎలా అయ్యారు?

అధ్యక్ష పదవికి తొలిసారి పోటీపడుతూ 1987 ఆగస్టులో అయోవాలో జరిగిన చర్చ ముగింపులో బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడు నీల్ కినాక్ ప్రసంగంలోని భాగాన్ని తన సొంత కుటుంబ కథలా చెప్పారు. వేయి తరాల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి తానేనన్న భావంతో సహా. అంతకు ముందు సభల్లో కినాక్ పేరు చెప్పేవారు, ఆ రోజు చెప్పలేదు. పోటీలో ఉన్న డుకాకిస్ శిబిరం రెండు ప్రసంగాల టేపులను పక్కపక్కన పెట్టి విలేఖరులకు అందించింది. తర్వాత లా కాలేజీలో మొదటి సగంలో నిలిచానన్న మాట కూడా తేలిపోయింది. 85 మందిలో ఆయనది 76వ స్థానం. సెప్టెంబరు 23న పోటీ నుంచి తప్పుకున్నారు. రహస్యంగా టేపులు అందించిన డుకాకిస్ ప్రచార సారథి జాన్ సాసో కూడా రాజీనామా చేయాల్సి వచ్చింది.

2020లో గెలిచేనాటికి 33 ఏళ్లు గడిచాయి. మధ్యలో సెనేట్‌లో సుదీర్ఘకాలం, ఉపాధ్యక్షుడిగా ఎనిమిదేళ్లు. ఓటర్లు ఆయన గురించి చూసినదీ, తెలుసుకున్నదీ చాలా పేరుకుంది, పాత తప్పు అందులో ఒక పుట అయింది. కొత్త అభ్యర్థికి ఆ వెసులుబాటు ఉండదు. అతని గురించి జనానికి తెలిసిన మొదటి విషయమే ఆ తప్పు అవుతుంది.

ఒకరి అబద్ధం అంటుకుపోతుంది, ఇంకొకరిది జారిపోతుంది. ఎందుకు?

అబద్ధమాడినా అతికినట్టుండాలని మన పెద్దలు అన్నారు. ఇక్కడ అతకడం అంటే అభ్యర్థి గురించి జనం మనసులో అప్పటికే ఉన్న బొమ్మకు అతకడం. అబద్ధం పెద్దదా చిన్నదా అన్న లెక్క దీని ముందు నిలవదు.

2000 అక్టోబరు 3న బోస్టన్‌లో తొలి చర్చ. టెక్సాస్ కార్చిచ్చు సమయంలో విపత్తు నిర్వహణ సంస్థ అధిపతి జేమ్స్ లీ విట్‌తో కలిసి అక్కడికి వెళ్లానని అల్ గోర్ అన్నారు. వెళ్లింది ఆయనతో కాదు, ఆ సంస్థకు చెందిన మరో అధికారితో. విట్‌తో ఎన్నో ప్రయాణాలు చేసిన మనిషి ఒకదాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. ఎవరి జీవితానికీ నష్టం లేని పొరపాటు. కానీ అప్పటికే ‘గోర్ అంటే గొప్పలు చెప్పుకునే మనిషి’ అన్న ముద్ర ఉంది. అదే చర్చలో ప్రత్యర్థి చిన్న బుష్ (పెద్ద బుష్ కొడుకు), ఈయన ఇంటర్నెట్‌నే కాదు, లెక్కల యంత్రాన్ని కూడా కనిపెట్టినట్టున్నాడని నవ్వించారు. దాంతో చిన్న పొరపాటు ఆ ముద్రకు కొత్త సాక్ష్యమైంది.

ఇది నన్ను కలవరపెట్టే విషయం. ఒక్కసారి బొమ్మ గీయబడితే, దానికి సరిపోయే తప్పులనే విలేఖరులు వెతుకుతారు, సరిపోయేవాటినే మనం గుర్తుపెట్టుకుంటాం. ఎదుటి అభ్యర్థి లెక్కల్లో ఇంతకన్నా పెద్ద తప్పు ఉన్నా అది వార్త కాదు.

తప్పు ఒప్పుకుంటే నష్టం తగ్గుతుందా?

వెంటనే, పూర్తిగా ఒప్పుకుంటే తగ్గే అవకాశం ఉంది. విడతలుగా ఒప్పుకుంటే ప్రతి విడతా కొత్త వార్త అవుతుంది. డెమోక్రటిక్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్ తనకు ఆదివాసీ మూలాలున్నాయని చాలాకాలం చెప్పుకున్నారు. విమర్శలు పెరిగాక 2018 అక్టోబరులో డీఎన్ఏ పరీక్ష ఫలితం విడుదల చేశారు. ఎన్నో తరాల వెనక ఎక్కడో ఒక పూర్వీకుడు ఉండవచ్చని మాత్రమే అది చెప్పింది. చెరోకీ తెగవారు, తెగ సభ్యత్వాన్ని రక్తపరీక్ష నిర్ణయించదని గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2019 ఆరంభంలో ఆమె వారికి క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ ముందే వచ్చి ఉంటే పరీక్ష అవసరమే ఉండేది కాదు.

## ప్రత్యర్థులు కథ అల్లే దశ

జాన్ కెర్రీ యుద్ధ పతకాల మీద వచ్చిన ఆరోపణలు నిజమా?

2004లో డెమోక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి అయిన కెర్రీకి వియత్నాం యుద్ధంలో సిల్వర్ స్టార్, బ్రాంజ్ స్టార్, మూడు పర్పుల్ హార్ట్‌లు వచ్చాయి. 2004 ఆగస్టులో స్విఫ్ట్ బోట్ అనే చిన్న గస్తీ పడవల మీద పనిచేసిన మాజీ సైనికుల బృందం ఒకటి అవి అబద్ధాలతో తెచ్చుకున్నవని ప్రకటనలు వేసింది. నౌకాదళ రికార్డులు కెర్రీ వైపే ఉన్నాయి. ఆయన పడవలో పనిచేసినవారిలో ఎక్కువమంది ఆయనకే అండగా నిలిచారు. వియత్నాంలో యుద్ధఖైదీగా ఉన్న రిపబ్లికన్ నాయకుడు మెకెయిన్ సైతం ఆ ప్రకటనను ఖండించారు.

మొదట ఆ ప్రకటన మూడు రాష్ట్రాల్లోనే వేశారు. టీవీ వార్తలు దాన్ని ‘వివాదం’ పేరుతో దేశమంతా ఉచితంగా తిప్పాయి. కెర్రీ దాదాపు రెండు వారాలు గట్టిగా బదులివ్వలేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందని మనం అంటాం. కానీ పోలింగు తేదీ ఆ నిలకడ కోసం ఆగదు.

ఒబామా అమెరికాలో పుట్టలేదన్న ప్రచారం అన్నేళ్లు ఎలా బతికింది?

ఆయన 1961 ఆగస్టు 4న హొనొలూలూలో పుట్టారు. ఆ నెలలోనే అక్కడి రెండు పత్రికల్లో జనన ప్రకటన వచ్చింది. 2008లో ధ్రువపత్రం చూపించారు, 2011 ఏప్రిల్ 27న పూర్తి పత్రం కూడా విడుదల చేశారు. ఆ ప్రచారాన్ని భుజాన వేసుకున్న డొనాల్డ్ ట్రంప్ అది తప్పని ఒప్పుకున్నది 2016 సెప్టెంబరులో. అన్నేళ్లు బతకడానికి కారణం కాగితం లేకపోవడం కాదు. నల్లజాతి మనిషి, తండ్రిది కెన్యా, పేరు మధ్యలో హుస్సేన్. ఈయన మనవాడు కాదు అనుకోవాలనుకున్నవారికి అది గౌరవప్రదమైన సాకు.

కమలా హారిస్ గురించి కూడా ఇలాంటివి వచ్చాయా?

వచ్చాయి. ఆమె 1964 అక్టోబరు 20న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టారు. తల్లి తమిళనాడుకు చెందిన శ్యామల, తండ్రి జమైకాకు చెందిన డొనాల్డ్ హారిస్. తల్లిదండ్రులు వలసవచ్చినవారు కాబట్టి ఆమె అనర్హురాలన్న వాదన 2020లో తెచ్చారు. అమెరికా గడ్డ మీద పుట్టినందున ఆ అర్హత ఆమెకు పుట్టుకతోనే ఉంది. 2024 జులైలో, ఆమె ఈ మధ్యనే నల్లజాతీయురాలిగా మారారని ట్రంప్ అన్నారు. ఆమె చదివింది నల్లజాతీయుల చరిత్రాత్మక విశ్వవిద్యాలయమైన హోవర్డ్‌లో, 1980ల్లో. ఒక మనిషికి రెండు వారసత్వాలు ఉండటం అక్కడ పెరుగుతున్న మన పిల్లలకు రోజూ ఎదురయ్యే సంగతే.

## ఓటు వేసే దశ

ట్రంప్ చెప్పినవాటిలో అన్ని తప్పులున్నా ఓట్లు ఎందుకు పడ్డాయి?

ఆయన మొదటి నాలుగేళ్ల పాలనలో అవాస్తవమైనవీ, తప్పుదోవ పట్టించేవీ కలిపి 30,573 మాటలను వాషింగ్టన్ పోస్ట్ లెక్కగట్టింది. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆయన తప్పుడు మాటలను సరిదిద్ది చూపిస్తే మద్దతుదారులు సైతం ఆ మాటలను నమ్మడం తగ్గించారు, కానీ ఓటు ఉద్దేశం మార్చుకోలేదు. 2018లో కొందరు సామాజికశాస్త్రవేత్తలు మరో కారణం చూపారు: వ్యవస్థే తమను మోసం చేసిందని భావించేవారికి, ఆ వ్యవస్థ మర్యాదలను బాహాటంగా ఉల్లంఘించే మనిషి ‘మన తరఫున నిజంగా నిలబడేవాడి’లా కనిపిస్తాడు.

కానీ ఆ మాటలకు మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారు. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియా చర్చలో, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసదారులు పెంపుడు జంతువులను తింటున్నారని ట్రంప్ అన్నారు. నగర అధికారులు విశ్వసనీయమైన ఆధారమేదీ లేదన్నారు. ట్రంప్ పార్టీకే చెందిన ఒహాయో గవర్నరు మైక్ డివైన్ కూడా అదే చెప్పారు. తర్వాతి రోజుల్లో ఆ ఊరి బడులకు, కార్యాలయాలకు బాంబు బెదిరింపులు వచ్చాయి, పిల్లలను ఖాళీ చేయించారు. అభ్యర్థి విశ్వసనీయత సంగతి అటుంచి, ఆ పిల్లల భయం గురించి ఎవరూ ఎగ్జిట్ పోల్‌లో అడగరు.

అల్ గోర్ ఓడిపోవడానికి ‘ఇంటర్నెట్’ కథే కారణమా?

అలా చెప్పలేం. దేశవ్యాప్తంగా ఆయనకు బుష్ కన్నా 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పోయింది. అక్కడ మూడో పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా పడ్డాయి, పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ పత్రం తికమకపెట్టింది, చివరకు సుప్రీంకోర్టు తిరిగి లెక్కించడాన్ని ఆపింది. అంత తక్కువ తేడాలో ఏ ఒక్క కారణాన్నీ విడదీయలేం, ఏ ఒక్కదాన్నీ కొట్టిపారేయలేం. నిజాయితీయే అన్నిటికన్నా ముఖ్యమన్న ఓటర్లలో అత్యధికులు బుష్‌కు వేశారని మాత్రం ఎగ్జిట్ పోల్ చూపింది.

ఎన్నికల్లో అబద్ధం చెబితే శిక్ష లేదా?

అమెరికాలో దాదాపు లేదు. లేని సైనిక పతకం ఉందని చెప్పుకోవడాన్ని నేరం చేసిన చట్టాన్నే సుప్రీంకోర్టు 2012లో వాక్‌స్వాతంత్ర్యం పేరుతో కొట్టేసింది. అభ్యర్థి స్వయంగా ఇచ్చే ప్రకటనను టీవీ స్టేషన్లు కత్తిరించడానికి కూడా వీల్లేదు. మన దగ్గర 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ప్రత్యర్థి వ్యక్తిగత నడవడి గురించి తెలిసి తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే ఎన్నిక రద్దు కావచ్చు. ఆస్తులు, కేసుల అఫిడవిట్‌లో తప్పు రాస్తే ఆరు నెలల వరకు జైలు. తన గురించి తాను గొప్పలు చెప్పుకోవడం మాత్రం ఇక్కడా నేరం కాదు.

## మన ఫోనుకు చేరే దశ

మా వాళ్లు పంపిన వీడియోలో మాట అసలుదేనా అని ఎలా తెలుసుకోవాలి?

ముక్కను చూడకండి, ముందూ వెనకా కలిపి పూర్తి ప్రసంగం చూడండి. సీ-స్పాన్ అనే సంస్థ 1979 నుంచి కత్తిరింపులు లేకుండా ప్రసారం చేస్తోంది, పాతవి దాచి ఉంచింది. అధ్యక్ష చర్చల పాఠాలన్నీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నడిపే అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్టులో ఉచితంగా దొరుకుతాయి. 2003లో మొదలైన ఫ్యాక్ట్‌చెక్, 2007లో మొదలైన పొలిటిఫ్యాక్ట్ రెండు పార్టీలవారి మాటలనూ పరిశీలిస్తాయి. వాటి తీర్పు ఒక్కటే చదివి ఆగకుండా, ఆ తీర్పుకు చూపిన ఆధారం చదవండి.

తెలుగులోకి వచ్చిన వాక్యమైతే మరింత జాగ్రత్త. ‘చేశాను’, ‘చేయించాను’, ‘చేయడానికి తోడ్పడ్డాను’ అన్న మూడూ అనువాదంలో తరచు ఒక్కటైపోతాయి. అభ్యర్థి పరువు ఉండేదీ పోయేదీ ఆ క్రియలోనే.

నేను పంపింది తప్పని తర్వాత తెలిసింది. తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. చూసినవారి మనసులో అది ఉండిపోతుంది. పదే పదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977 నుంచి పరిశోధనలు చూపుతున్నాయి. కాబట్టి దిద్దేటప్పుడు పాత అబద్ధాన్ని మళ్లీ పూర్తిగా రాయకండి, నిజంతో మొదలుపెట్టండి. అదే గుంపులో, అదే మనుషులకు ఇలా రాస్తే చాలు: ‘హారిస్ పుట్టింది ఓక్లండ్‌లో, 1964లో. నిన్న నేను పంపింది తప్పు. ఇంకెవరికైనా పంపి ఉంటే వాళ్లకు కూడా చెప్పండి.’